సన్‌రూమ్‌కు సగం డబ్బు ముందే ఇవ్వమంటున్నారు, ఇవ్వొచ్చా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. 2021లో 2.875 శాతం వడ్డీకి ఇల్లు కొన్నాం, ఇంకా 3,80,000 డాలర్ల అప్పుంది. ఇంట్లో నా ఒక్కడిదే ఉద్యోగం, అదీ హెచ్1బి వీసా మీద. అమ్మానాన్న ఏటా మే నుంచి అక్టోబరు దాకా మా దగ్గరుంటారు. వాళ్ల కోసం పడమటి వైపున్న పాటియోను (ఇంటికి ఆనుకున్న అరుగు, 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు) అద్దాలతో మూసి సన్‌రూమ్ చేయిద్దామనుకుంటున్నాం. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పరిచయమైన కాంట్రాక్టర్ 42,000 డాలర్లకు చేస్తానన్నారు. సగం అడ్వాన్సు ఇవ్వాలట, పర్మిట్ అక్కర్లేదట, మొత్తం నగదుగా ఇస్తే 3,000 తగ్గిస్తారట. మా సేవింగ్స్‌లో 38,000, 401కె రిటైర్‌మెంట్ ఖాతాలో 1,10,000 డాలర్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ 25 లక్షల రూపాయలు మార్చిలో చేతికొస్తుంది. నెలకు 1,500 దాకా మిగులుతుంది. 401కె మీద అప్పు తీసుకోవాలా, ఇల్లు రీఫైనాన్స్ చేయాలా?

జవాబు: రెండూ వద్దు. సన్‌రూమ్ కట్టించుకోండి, కానీ ఇప్పుడు కాదు, ఈ షరతుల మీద అసలే కాదు.

ముందు రీఫైనాన్స్ సంగతి. 42,000 కోసం క్యాష్ అవుట్ రీఫైనాన్స్‌కు (పాత ఇంటి అప్పు తీర్చి, పైన నగదు వచ్చేలా కొత్త పెద్ద అప్పు తీసుకోవడానికి) వెళ్తే మీ పాత అప్పు మొత్తం కొత్త రేటుకు మారిపోతుంది. కొత్త రేటు 6.25 శాతం అనుకుందాం. పాత 3,80,000 మీదే మొదటి ఏడాది దాదాపు 12,800 డాలర్లు అదనపు వడ్డీ. సన్‌రూమ్ అప్పు మీద కట్టే వడ్డీ దీనికి అదనం. 2.875 శాతం అప్పు మళ్లీ దొరకడం కష్టం, దాన్ని కదపకండి.

401కె అప్పు పైకి చవగ్గా కనిపిస్తుంది, వడ్డీ మన ఖాతాకే చేరుతుంది కాబట్టి. మీ ఖాతా పూర్తిగా వెస్ట్ అయి ఉంటే, అంటే కంపెనీ వేసిన వాటా కూడా మీ సొంతమై ఉంటే, గరిష్ఠంగా 50,000 దాకా ఇస్తారు కూడా. కానీ ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ మొత్తం చెల్లించాల్సి వస్తుంది. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు, పొడిగింపు తీసుకుంటే ఆ గడువులోపు, ఆ మొత్తాన్ని తిరిగి రిటైర్‌మెంట్ ఖాతాలో వేయలేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు, మీ వయసుకు దాదాపు ఖాయంగా 10 శాతం పెనాల్టీ కూడా పడుతుంది. హెచ్1బి మీద ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికో దేశం విడవడానికో మీకుండే వ్యవధి గరిష్ఠంగా 60 రోజులు. జీతం, వీసా, ఈ బాకీ మూడూ ఒకేసారి మీద పడే పరిస్థితిని చేతులారా తెచ్చుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. సేవింగ్స్‌లో ఉన్న 38,000 కూడా అలాంటి రోజు కోసమే. దాన్ని ముట్టుకోకండి.

మరి డబ్బెక్కడిది? మార్చిలో వచ్చే డిపాజిట్ మారకం రేటును బట్టి 28,000 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. నెలకు 1,500 దాస్తే ఏడాదికి 18,000. రెండూ కలిపితే అప్పు లేకుండానే 46,000. మార్చి తర్వాత వచ్చే అక్టోబరులో అమ్మానాన్న ఊరికి వెళ్లాక పని మొదలుపెట్టించండి. ఎండలు తగ్గి ఉంటాయి, ఇంట్లో పెద్దవాళ్లకు ఆ దుమ్మూ చప్పుడూ ఉండవు.

ఇక కాంట్రాక్టర్. మీరు పంపిన కొటేషన్ ఫొటో చూశాను. నాలుగే లైన్లు: 240 చదరపు అడుగుల సన్‌రూమ్, అద్దాల కిటికీలు, ఒక తలుపు, మొత్తం ధర. ఏ రకం అద్దం, ఒక పొరా రెండు పొరలా అన్నది లేదు. ఏసీ ఊసే లేదు. పడమటి ఎండకు ఎదురుగా ఏసీ లేని అద్దాల గది జులై సాయంత్రం కూర్చోవడానికి పనికిరాదు, మీ అమ్మానాన్న ఉండేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఇంటి ఏసీ నుంచే గొట్టం లాగుతానంటే ఒప్పుకోకండి, అది ఆ అదనపు వేడికి లెక్కకట్టి పెట్టింది కాదు. విడిగా మినీ స్ప్లిట్ ఏసీ పెట్టించి, దాని ధర కొటేషన్‌లోనే రాయించండి. అద్దాలకు బదులు దోమతెర, ఫ్యాన్లతో సరిపోతుందేమో అమ్మానాన్ననే ఒకసారి అడగండి. వాళ్లు సరేనంటే ఖర్చు చాలా తగ్గుతుంది.

నాకు ఎక్కువ భయం కలిగిస్తున్నది నేల. మీ ఫ్రిస్కో ప్రాంతంలో నల్లటి బంకమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మనుషులు తిరగడానికి పోసిన పాటియో స్లాబ్ గోడలనూ అద్దాలనూ మోస్తుందన్న నమ్మకం లేదు. కొన్ని వందల డాలర్లయినా సరే, స్ట్రక్చరల్ ఇంజనీర్ చేత చూపించి లేఖ తీసుకోండి. పునాది బలపరచాలంటే 46,000 చాలకపోవచ్చు. ఆ సంగతి అడ్వాన్సు ఇవ్వక ముందే తెలియాలి.

పర్మిట్ అక్కర్లేదన్న మాట తప్పు. పాటియోను గదిగా మార్చాలంటే నగర బిల్డింగ్ విభాగం పర్మిట్ కావాలి, మీ కాలనీకి హెచ్ఓఏ (ఇంటి యజమానుల సంఘం) ఉంటే వాళ్ల అనుమతీ కావాలి. టెక్సస్‌లో ఇల్లు అమ్మేటప్పుడు ఇచ్చే డిస్‌క్లోజర్ ఫారంలో, పర్మిట్ లేకుండా కట్టిన గదులున్నాయా అని నేరుగా అడుగుతారు. అక్కడ అవునని రాస్తే బేరం తగ్గుతుంది, కాదని రాస్తే అబద్ధమవుతుంది. పర్మిట్‌తో కడితే ఆస్తి పన్ను కొంత పెరుగుతుంది. హోమ్‌స్టెడ్‌కు, అంటే సొంతంగా ఉండే ఇంటికి, పన్ను లెక్కించే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి కొత్తగా కట్టిన భాగానికి వర్తించదు. ఆ పెరుగుదలను బడ్జెట్‌లో వేసుకోండి.

టెక్సస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కు రాష్ట్ర లైసెన్సే లేదు, ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. కరెంటు, ఏసీ పనివాళ్లకు మాత్రం రాష్ట్ర లైసెన్సుల విభాగమైన టీడీఎల్ఆర్ లైసెన్సు ఉండాలి, దాన్ని ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. పనివాళ్ల ప్రమాద బీమా కూడా ఇక్కడ ప్రైవేటు యజమానులకు తప్పనిసరి కాదు. కాబట్టి బీమా సర్టిఫికెట్ కాంట్రాక్టర్ చేతి నుంచి కాకుండా బీమా ఏజెంట్ నుంచి నేరుగా మీ ఈమెయిల్‌కు తెప్పించుకోండి. మీ ఇంటి బీమా కంపెనీకీ ముందే చెప్పండి. వడగళ్లు పడే ప్రాంతంలో అద్దాల గది కడుతున్నారు.

డబ్బు ఎప్పుడూ పని వెనకే నడవాలి, పనికి ముందు కాదు. 42,000 అనుకుంటే నేనైతే ఇలా రాయిస్తాను: సంతకం రోజు 4,200. కిటికీలు మీ చిరునామాతో ఆర్డరైన రసీదు చూపాక 10,500. ఫ్రేమింగ్‌ను నగర ఇన్‌స్పెక్టర్ పాస్ చేశాక 10,500. అద్దాలు బిగించి, కరెంటు, ఏసీ తనిఖీలు అయ్యాక 12,600. చివరి 4,200 మాత్రం పనంతా పూర్తయిన 30 రోజుల తర్వాత. ఈ చివరి షరతు పిసినారితనం కాదు. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 53వ అధ్యాయమే 10 శాతాన్ని 30 రోజులు పట్టి ఉంచమంటుంది. కాంట్రాక్టర్ మీ దగ్గర తీసుకుని అద్దాల షాపుకో, మేస్త్రీలకో ఇవ్వకపోతే వాళ్లు మీ ఇంటి మీద లియన్ (బాకీ కోసం ఇంటి మీద హక్కు) వేయడానికి చూస్తారు, ఆ సొమ్ము అందుకే. ప్రతి చెల్లింపుకూ లియన్ రిలీజ్ కాగితం, చివర్లో అందరికీ చెల్లించానన్న అఫిడవిట్ తీసుకోండి.

3,000 తగ్గింపుకు ఆశపడి నగదు ఇవ్వకండి. చెక్కు ఇస్తే రికార్డుంటుంది. రేపు ఇల్లు అమ్మినప్పుడు సన్‌రూమ్ ఖర్చు ఇంటి కొనుగోలు ధరకు కలిసి, పన్ను పడే లాభం తగ్గుతుంది. బిల్లులు లేకపోతే ఆ లెక్క చూపలేరు.

మనవాడే కదా, కాగితాలు అడిగితే ఏమనుకుంటాడో అన్న మొహమాటం మీకు ఉండొచ్చు. గ్రూపులో పది మంది మెచ్చుకున్నా మీ చెక్కు మీద సంతకం మీది. ఈ వారమే ఆయనకు మెసేజ్ పెట్టండి: పర్మిట్ కాంట్రాక్టర్‌గా మీ పేరు మీద తీస్తారా, పైన చెప్పిన వాయిదాలకు ఒప్పుకుంటారా, బీమా సర్టిఫికెట్ పంపిస్తారా, ఇదివరకు ఫ్రిస్కోలో పర్మిట్‌తో కట్టిన సన్‌రూమ్ ఒకటి చూపిస్తారా అని. ఒక్కదానికి కాదన్నా వేరేవాళ్లను చూసుకోండి, ఎలాగూ ఇంకో రెండు కొటేషన్లు తీసుకోవాలి. డిపాజిట్ మార్చిలో ఆటోమేటిక్‌గా రెన్యూ కాకుండా బ్యాంకుకు ఇప్పుడే రాసివ్వండి. దాని వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా అమెరికా రిటర్న్‌లో చూపాలి, ఖాతాను ఎఫ్‌బార్‌లోనూ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే ఫారం) చూపాలి.