సెప్టిక్ ట్యాంకు నీళ్లు బాగుపడాలంటే బ్యాక్టీరియా పొడి చాలా?

ఐదుగురున్న ఇల్లు, సోక్ పిట్‌లో నీళ్లు ఇంకడం లేదు, వెనక సందంతా వాసన. బ్యాక్టీరియా పొడి ప్యాకెట్ ఒకటి వేసి, చేపల తొట్టికి పెట్టే గాలి పంపు సెప్టిక్ ట్యాంకులో దించితే వాసన పోయి ఆ నీళ్లు మొక్కలకు పనికొస్తాయా అని కదండీ మీరు అడిగింది. పొడి వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. గాలి వల్ల మాత్రం కచ్చితంగా లాభం ఉంది. కాకపోతే ఆ పంపు సరిపోదు, ఆ ట్యాంకులో పెట్టకూడదు. మా ఇంట్లో కొన్నేళ్లుగా నడుస్తున్న ఏర్పాటును బట్టి చెబుతున్నాను.

మాది భీమవరం పక్కన. నల్లమట్టి నేల, దానికి తోడు పంట కాలవల్లో నీళ్లున్నన్నాళ్లూ భూమిలో నీరు బాగా పైకే ఉంటుంది. ఇలాంటి చోట సోక్ పిట్ పేరుకే. వానాకాలంలో మన నీళ్లు ఇంకకపోగా, బయటి నీరే వరల సందుల్లోంచి లోపలికి ఊరుతుంది. మా మేస్త్రి "ఇంకో నాలుగు వరలు దింపితే అదే ఇంకిపోద్దండి" అన్నాడు. లోతుకు వెళ్లేకొద్దీ భూమిలో నీటికి దగ్గరవుతాం తప్ప, ఇంకేది ఎక్కడికి? చాలామంది చేసినట్టు పైపు తీసి వీధి డ్రైనులో కలిపేస్తే మనకు పీడ వదులుతుంది, దిగువన ఉన్నవాళ్లకు చుట్టుకుంటుంది.

సెప్టిక్ ట్యాంకు చేసే పని నిజానికి కొంతే. బరువైనది అడుక్కి దిగుతుంది, నూనె, జిడ్డు పైన తెట్టు కడతాయి, మధ్యలో నీళ్లు బయటికి పోతాయి. అడుగున గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు మడ్డిని మెల్లగా కుళ్లబెట్టి మీథేన్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కుళ్లిన గుడ్డు వాసన ఆ మూడోదాని పుణ్యమే. బాగా కట్టిన ట్యాంకులో కూడా నీటిలోని సేంద్రియ మలినం మూడో వంతు, మహా అయితే సగం తగ్గుతుంది. అమ్మోనియా తగ్గనే తగ్గదు. బయటికొచ్చే నీళ్లు పల్చగా కనిపించినా అది మురుగే.

ఇక ప్యాకెట్ల సంగతి. మనిషి మలంలో గ్రాముకు వేల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. ఐదుగురు రోజూ ఉచితంగా వేస్తున్నదాని మీద చెంచాడు పొడి కొత్తగా కలిపేది ఏముంటుంది? అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా ఇళ్ల ట్యాంకులకు ఇలాంటివి అవసరం లేదనే చెబుతుంది. మా దగ్గరికి వచ్చిన ఒకాయన అయితే, ఈ పొడి వేస్తే జన్మలో ట్యాంకు తోడించక్కర్లేదన్నాడు. ఇసుక, వెంట్రుకలు, ప్లాస్టిక్, కుళ్లగా మిగిలిన మడ్డి ఏ పొడికీ కరగవు. రెండు మూడేళ్లకోసారి బండి పిలిచి తోడించాల్సిందే. మా అత్తయ్య ట్యాంకు కట్టిన కొత్తలో బకెట్ పేడనీళ్లు పోయించింది. కొత్త ట్యాంకు పని త్వరగా అందుకోవడానికి అది పొడి కంటే నయం, ఖర్చూ లేదు. తర్వాత ఏటేటా పోయక్కర్లేదు. రైళ్ల బయో టాయిలెట్లలో వాడే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో బ్యాక్టీరియా ద్రావణం వేరే సంగతి. అది దానికోసమే కట్టిన ట్యాంకులో గాలి లేకుండా పనిచేసే రకం, దానికి గాలి పెట్టి ఉపయోగం లేదు.

గాలి పెడితే ఏమవుతుందో తేల్చింది 1914లో, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో. ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగునీటిలోకి గాలి ఊదుతూ పోయారు. మొదటిసారి నీళ్లు పూర్తిగా శుభ్రపడటానికి వారాలు పట్టింది. అప్పుడు వాళ్లు పైన తేరిన నీళ్లు మాత్రం ఒంపేసి, అడుగున దిగిన గోధుమరంగు మడ్డిని పారబోయకుండా దాని మీదే కొత్త మురుగు పోశారు. ఇలా చేసేకొద్దీ పట్టే సమయం తగ్గుతూ వచ్చి చివరికి ఒక రోజు లోపుకు దిగింది. బయటినుంచి వాళ్లు ఏ బ్యాక్టీరియా తెచ్చి వేయలేదు. మురుగులో ఉన్నవాటికే గాలి అందించి, పెరిగినవాటిని పోగొట్టుకోకుండా దాచారు. ఈ రోజు పెద్ద ఎస్‌టీపీల్లో, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో జరిగేదీ ఇదే, మన పెరట్లో జరగాల్సిందీ ఇదే.

అయితే గాలిని నేరుగా సెప్టిక్ ట్యాంకులో వదలకూడదు. అడుగున కుదురుగా ఉన్న మడ్డి, పైన తెట్టు అన్నీ కలిసిపోయి సోక్ పిట్‌లోకి కొట్టుకుపోతాయి. ఇప్పటికే ఇంకని పిట్ ఇక పూర్తిగా పూడుకుపోతుంది. సెప్టిక్ ట్యాంకును దాని మానాన వదిలేయండి. దాని తర్వాత గాలి గుంత ఒకటి, ఆ తర్వాత నీళ్లు తేరుకోవడానికి డ్రమ్ము ఒకటి ఉండాలి.

గాలి గుంతకు మేము మొదట వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు అనుకున్నాం. మా బాబాయి వద్దన్నాడు. భూమిలో నీరు పైకొచ్చే చోట పాతిన ట్యాంకును ఎప్పుడైనా ఖాళీ చేస్తే అది పైకి తేలి పైపులు విరగ్గొడుతుంది. అందుకని నాలుగడుగుల వెడల్పు సిమెంటు వరలు దింపి, అడుగున కాంక్రీటు వేసి, అతుకులన్నీ లోపలా బయటా వాటర్‌ప్రూఫ్ సిమెంటుతో మూయించాం. అందులో మూడడుగుల నీళ్లు నిలబడితే వెయ్యి లీటర్ల పైచిలుకు. ఐదుగురి ఇంటికి దాదాపు రెండు రోజుల నీళ్లు అందులో ఆగుతాయి. తర్వాత రెండు వందల లీటర్ల డ్రమ్ము, ఆ తర్వాత కంకర పోసి మెట్టతామర నాటిన మడి. డ్రమ్ములో అడుక్కి దిగిన మడ్డి తిరిగి గాలి గుంతలోకి రావాలి, లేకపోతే ఆర్డెర్న్ వాళ్లు దాచుకున్నదాన్ని మనం పారేసినట్టే. దానికి వేరే మోటారు అక్కర్లేదు. అంగుళం పైపు డ్రమ్ము అడుగుదాకా దింపి, దాని కింది చివర్లోకి సన్నటి గాలి గొట్టం ఒకటి పెడితే బుడగలతోపాటు బురదనీరు పైకి లేచి గుంతలో పడుతుంది. నీటి మట్టం మీద జానెడు ఎత్తుకు మించి ఎత్తమంటే మాత్రం మొరాయిస్తుంది.

గాలి ఎంత కావాలనేది లెక్క వేసుకోవాల్సిన విషయం, చాలామంది తప్పుతున్నది ఇక్కడే. మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల బీవోడీ, అంటే ఆ మలినాన్ని సూక్ష్మజీవులు తినేయడానికి కావాల్సిన ఆక్సిజన్. సెప్టిక్ ట్యాంకులో తగ్గింది పోగా మిగిలినదానికి, దాంతోపాటు అమ్మోనియా నైట్రేటుగా మారడానికి కలిపి ఐదుగురికి రోజుకు దాదాపు అర కిలో ఆక్సిజన్ నీటిలో కరగాలి. మూడడుగుల లోతు నుంచి లేచే సన్న బుడగ తనలోని ఆక్సిజన్‌లో నూటికి మూడు నాలుగు పాళ్లే నీటికి ఇచ్చి మిగతాది పైకి మోసుకుపోతుంది. చేపల తొట్టి పంపు నిమిషానికి మూడు నాలుగు లీటర్ల గాలి ఊదుతుంది. దాంతో రోజంతా నడిపినా 50 గ్రాములకు అటూఇటూ కరుగుతుంది. నిమిషానికి 60 లీటర్లు ఇచ్చే లీనియర్ డయాఫ్రం పంపు (లోపలి రబ్బరు పొర అదురుతూ గాలి నెట్టే రకం) కావాలి. మన ఆక్వా షాపుల్లో దొరుకుతుంది, పది వేల లోపు. కరెంటు 50 వాట్ల దగ్గర, అంటే నెలకు 35 యూనిట్లు. గుంత అడుగున వేయడానికి బాబాయి తన రొయ్యల చెరువుకు తెచ్చిన ఏరో ట్యూబులో (గాలిని సన్న బుడగలుగా వదిలే గొట్టం) మిగిలిన ముక్క ఇచ్చాడు, చుట్టలా చుట్టి రాళ్లు కట్టి దించాం. చెరువులో డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాముల దగ్గరికి వస్తే ఆయనకు నిద్ర పట్టదు. ఇక్కడ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉంటే చాలు. ఆయన మీటరు తెచ్చి చూసి "ఫర్వాలేదురా, రొయ్య తప్ప అన్నీ బతుకుతాయి" అన్నాడు.

మొదలుపెట్టిన కొత్తలో తెల్లటి నురగ పొంగి మూత సందుల్లోంచి బయటికొస్తుంది. కంగారు పడకండి, సబ్బునీళ్లు ఎక్కువ, సూక్ష్మజీవులు తక్కువగా ఉన్నప్పుడు అలాగే ఉంటుంది. మడ్డి పెరిగేకొద్దీ అణిగిపోతుంది. త్వరగా అందుకోవాలంటే దగ్గర్లో ఎస్‌టీపీ ఉన్న అపార్ట్‌మెంటు వాళ్లను అడిగి, వాళ్ల గాలి ట్యాంకులోని నీళ్లు రెండు క్యాన్లు తెచ్చి పోయండి. ఏ ప్యాకెట్టూ దానికి సాటిరాదు. తర్వాత నల్లగా, బూడిదరంగులో ఉన్న నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. మూత తీస్తే కుళ్లు వాసన బదులు తొలకరిలో నేల తడిసిన వాసన వస్తుంది.

పరీక్షకు ల్యాబ్ అక్కర్లేదు. గాజు సీసాలో గుంత నీళ్లు ముంచి అరగంట కదపకుండా పెట్టండి. గోధుమరంగు తునకలు ఒకదానికొకటి అంటుకుంటూ అడుక్కి దిగి, పైన నీళ్లు తేటగా మిగలాలి. సీసాలో సగం దాటి మడ్డే ఉంటే కొంత తోడి సెప్టిక్ ట్యాంకులో పోసేయాలి. పైన నీళ్లు మసగ్గానే ఉంటే గాలి చాలడం లేదు, లేదా ఇంకా కొన్నాళ్లు ఆగాలి. డ్రమ్ములో మడ్డి ముక్కలు ముక్కలుగా పైకి తేలుతుంటే అది అడుగున ఎక్కువసేపు ఆగిపోతోందని అర్థం. నైట్రేటు నైట్రోజన్ వాయువుగా మారి, ఆ బుడగలు మడ్డిని లేపుతాయి. వెనక్కి తోడే గొట్టానికి గాలి కాస్త పెంచితే సరిపోతుంది.

కరెంటు మూడు నాలుగు గంటలు పోయినా ఏమీ కాదు. తుపాను వచ్చి రోజంతా లేకపోతే మళ్లీ వాసన మొదలవుతుంది. కరెంటు వచ్చాక కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. పంపు మాత్రం నీటి మట్టానికి పైన, నీడలో పెట్టండి, లేకపోతే ఆగినప్పుడు గొట్టంలోంచి నీళ్లు వెనక్కి లాగుతుంది. ఫిల్టరు స్పాంజి నెలకోసారి దులపాలి, డయాఫ్రం ఏడాదికో రెండేళ్లకో మార్చాలి. ఇరవై నాలుగు గంటలూ జుయ్‌మంటుంది కాబట్టి పడకగది కిటికీ కింద పెట్టకండి. బాత్రూం యాసిడ్, ఫినాయిలు సీసాలకు సీసాలు పోయడం మానాలి. వంటింటి నీళ్లకు జిడ్డు ఆపే చిన్న తొట్టి ముందే కట్టించుకుంటే మంచిది.

నీళ్ల వాడకం గురించి. మేము కొబ్బరి, అరటి మొదళ్లకు పైపుతో వదులుతాం. గోంగూర, కొత్తిమీర లాంటి ఆకుకూరలకు, నేలను అంటుకుని కాసే కూరగాయలకు వద్దు, పిచికారీ అసలే వద్దు. తేటగా ఉన్నంత మాత్రాన రోగక్రిములు, కడుపులో చేరే ఏలికపాముల గుడ్లు పోయినట్టు కాదు. బోరుకు వీలైనంత దూరంగా వదలండి. జపాన్‌లో డ్రైనేజీ లైన్లు లేని ఇళ్లకు జోకాసో పేరుతో ఇలాంటి ట్యాంకులే ఉంటాయి, చివర్లో క్లోరిన్ కూడా కలుపుతారు. వాటికోసం 1983లోనే చట్టం చేసి ఏటా తనిఖీ, శుభ్రత తప్పనిసరి చేశారు. 2001 నుంచి మరుగుదొడ్డి నీళ్లు మాత్రమే శుద్ధిచేసే రకాన్ని కొత్తగా పెట్టనివ్వడం లేదు, వంటింటి నీళ్లు, స్నానం నీళ్లు కూడా కలిపి చేయాల్సిందే. మన దగ్గర పెట్టేవాళ్లు ఉన్నారు, ఏడాది తర్వాత వచ్చి చూసేవాళ్లు లేరు. నెలకో గంట దీని మీద పెట్టే ఓపిక మీ ఇంట్లో ఎవరికీ లేకపోతే ఈ జోలికి వెళ్లకండి.

ఇంకొకటి. సెప్టిక్ ట్యాంకు మూత తీసినప్పుడు ముఖం దగ్గరగా పెట్టకండి, అగ్గిపుల్ల గీయకండి, ఎవరినీ లోపలికి దించకండి, మీరూ దిగకండి. ఆ వాయువులకు మనిషి క్షణాల్లో పడిపోతాడు, తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది.

ముందు టేపు పెట్టి రెండు కొలతలు తీయండి. మీ సెప్టిక్ ట్యాంకు నుంచి నీళ్లు బయటికొచ్చే పైపు నేలకు ఎంత లోతులో ఉంది, వానాకాలంలో మీ పెరట్లో గుంత తవ్వితే ఎన్ని అడుగుల్లో నీరు పడుతుంది. ఈ రెండూ ఇక్కడ రాస్తే వరలు దింపాలా, ప్లాస్టిక్ ట్యాంకు సరిపోతుందా అన్నది చెబుతాను.