యాంటెన్నా పోయినా టైమ్ పోకుండా

ప్రశ్న: సార్, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ నెట్‌వర్క్ నేనే చూస్కుంటా. టెర్రస్ మీద జీపీఎస్ యాంటెన్నా, కింద దాన్నుంచి టైమ్ తీసుకుని మిగతా కంప్యూటర్లకి ఇచ్చే టైమ్ సర్వర్. మొన్న వానలకి కనెక్టర్‌లోకి నీళ్లు దిగి సిగ్నల్ పోయింది, అది మాకు తెలిసిందే మూడో రోజు, లాగ్స్‌లో, అంటే ఏది ఎప్పుడు జరిగిందో కంప్యూటర్లు రాసుకునే చిట్టాల్లో, టైములు కలవకపోతే. ఇంకో యాంటెన్నా పెట్టిస్తే సరిపోతుందా? - ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: పెట్టించండి, వద్దనను, కానీ అదే టెర్రస్ మీద పక్కపక్కనే పెడితే పిడుగు పడ్డా, సిగ్నల్‌ని అడ్డుకునే జామర్ వచ్చినా రెండూ కలిసే పోతాయి. ఆ సిగ్నల్ 20,200 కిలోమీటర్ల పైనుంచి వస్తుంది, కిందకి దిగేసరికి ఎంత పల్చబడుతుందంటే రోడ్డు మీద పోయే కార్లో చిన్న జామర్ ఉన్నా చాలు.

అసలు నాకు భయం వేసింది మూడు రోజులు తెలీలేదన్న మాటకి. సిగ్నల్ పోయాక సర్వర్ లోపల గడియారాన్ని నడిపే క్రిస్టలే నెట్టుకురావాలి, దాన్నే హోల్డోవర్ అంటాం. పది లక్షల్లో ఒక వంతు తేడా ఉన్న క్రిస్టల్ రోజుకి 86 మిల్లీసెకన్లు జరిగిపోతుంది, మూడో రోజుకి పావు సెకను దాటుతుంది, అందుకే మీ లాగ్స్ అలా అయ్యుంటాయి. పైగా రాత్రిళ్లు సర్వర్ రూమ్‌లో ఏసీ ఆపేస్తే వేడికి ఇంకా తప్పుతుంది, ఏసీ మాత్రం ఆపకండి. రుబీడియం గడియారమైతే (అదొక రకం అణు గడియారం) రోజుకి ఒక మైక్రోసెకను అటూఇటూ, కానీ ఖరీదెక్కువ, మీకు లాగ్స్ కోసమే అయితే అంత అక్కర్లేదు. 5జీ టవర్లకి 1.5 మైక్రోసెకన్ల లోపే ఉండాలి కాబట్టి వాళ్లకి రుబీడియం గానీ, ఫైబర్ మీద చాలా కచ్చితంగా టైమ్ పంపే పీటీపీ గానీ, ఒక్కోసారి రెండూ గానీ కావాల్సొస్తాయి.

మీరు ఎన్‌టీపీలో (నెట్‌వర్క్ మీద టైమ్ కలిపే పద్ధతి) ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల), ఎన్‌ఐసీ (ప్రభుత్వ కంప్యూటర్ నెట్‌వర్క్ సంస్థ) సర్వర్లు కూడా కలపండి, 2022లో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ చెప్పింది కూడా వాటితో గానీ, వాటి నుంచి టైమ్ తీసుకునే సర్వర్లతో గానీ గడియారాలు కలుపుకోమని. మొత్తం నాలుగు సోర్సులైనా ఉంచండి, ఎందుకంటే రెండే ఉంటే ఏది తప్పో తేల్చలేం, నాలుగుంటే ఒకటి తప్పినా మిగతా మూడూ దాన్ని పట్టిస్తాయి. సిగ్నల్ బాగానే ఉండి టైమ్ తప్పడం కూడా ఉంటుంది, 2016 జనవరి 26న ఒక పాత ఉపగ్రహాన్ని సర్వీసు నుంచి తీసేటప్పుడు జరిగిన పొరపాటుతో జీపీఎస్ టైమ్ 13 మైక్రోసెకన్లు తప్పింది, ఎక్కడా యాంటెన్నా ఊడలేదు.

ఇవన్నీ పెట్టాక ఒక శనివారం రాత్రి మీరే యాంటెన్నా కేబుల్ పీకేయండి. అలారం మీ ఫోన్‌కి ఎన్ని నిమిషాల్లో వచ్చిందో, తెల్లారేసరికి ఎన్ని మిల్లీసెకన్లు జరిగిందో రాసిపెట్టుకోండి, మీ సర్వర్ ఎన్ని గంటలు ఆగగలదో అప్పుడే తెలుస్తుంది. మళ్లీ బిగించేటప్పుడు కనెక్టర్‌కి వాటర్‌ప్రూఫ్ టేప్ కింద నుంచి పైకి చుట్టించండి, పెంకుల ఇంటి కప్పులాగ పై చుట్టు కింది చుట్టు మీద పడాలి, కేబుల్‌ని కూడా కొంచెం కిందకి వేలాడేసి తర్వాత లోపలికి తీస్కోండి, నీళ్లు అక్కడే బొట్టుబొట్టుగా రాలిపోతాయి.