వైన్ చదువుకి చేరుతున్న మేనకోడలికి

చిన్నీ,

నువ్వు వైన్ కోర్సుకి ఫీజు కట్టేశావని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. "అంతా నీ వల్లే" అని నన్ను తిట్టి పెట్టేసింది. తరవాత నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషమే, దాచను. చిన్నప్పుడు కొత్త పుస్తకం చేతికిస్తే బొమ్మలు చూడకముందే వాసన చూసేదానివి. ఈ పిల్లకి ముక్కుంది అని అప్పుడే అనుకున్నాను. కానీ సంతోషం కంటే టెన్షనే ఎక్కువగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

సులువైనవి ముందు చెప్పేస్తాను. మూతి దగ్గర సన్నబడే గ్లాసు వాడు, మూడో వంతుకి మించి పోయకు, కాడ పట్టుకో. తెల్ల వైన్ మరీ చల్లగా ఉంటే వాసన బయటికి రాదు, 10-12 డిగ్రీలకి రానివ్వు. ఎర్రదానికి 16-18 చాలు. ఆ రోజు సెంటు పూసుకోకు. జలుబు చేస్తే వెళ్లకు. రుచి చూశాక నీళ్లతో పుక్కిలించు, వెంటనే పళ్లు తోముకోకు. వైన్ పులుపుకి పంటి పైపొర మెత్తబడి ఉంటుంది.

ఇక అసలు విషయం. నోట్లో పోసుకున్న ప్రతి వైన్‌నీ ఉమ్మెయ్యి. ప్రతిదాన్నీ.

మింగితేగానీ రుచి పూర్తిగా తెలియదని నీకు చాలామంది చెబుతారు. వినకు. నాలుకకి తెలిసేది తీపి, పులుపు, చేదు; నోటికి తెలిసేది వగరు, ఆల్కహాల్ వేడి, చిక్కదనం. పళ్లు, పూలు, మిరియాలు అని మనం పేర్లు పెట్టేవన్నీ వాసనలే. అవి గొంతు వెనకనుంచి ముక్కుకి చేరతాయి. వైన్‌ని నోట్లో తిప్పి, కొంచెం గాలి పీల్చి, ఉమ్మేశాక ముక్కుతో ఊపిరి వదిలితే అన్నీ అందుతాయి. ఉమ్మినా నోటి చర్మం గుండా కొంత ఆల్కహాల్ ఒంట్లోకి పోతూనే ఉంటుంది, అందుకే ఆ రోజు బండి కూడా తియ్యకు.

మా బ్యాచ్‌లో ఒకడుండేవాడు. పేరు చెప్పను. మా అందరిలోకీ గొప్ప ముక్కు వాడిదే. కార్కు చెడిన సీసాని మేము గ్లాసు తిప్పి, మళ్లీ తిప్పి పట్టుకునేవాళ్లం. వాడు పక్కన నిలబడే చెప్పేసేవాడు. చెడిన కార్కు నుంచి వచ్చే టీసీఏ అనే పదార్థం లీటరుకి కొన్ని నానోగ్రాములున్నా చాలు, వైన్‌కి తడిసిన అట్టముక్క వాసన వస్తుంది, పండు వాసన చచ్చిపోతుంది. ఆ కొంచెం కూడా వాడిని దాటి పోయేది కాదు.

వాడికి ఒక నమ్మకం ఉండేది. మామూలు వైన్ ఉమ్మొచ్చుగానీ గొప్ప వైన్‌ని ఉమ్మితే చేసినవాళ్లని అవమానించినట్టే అనేవాడు. మొదట్లో పాత బుర్గండీలు, సోటెర్న్ లాంటి పేరున్న ఫ్రెంచ్ వైన్లు మాత్రమే మింగేవాడు. ఏడాదికి ఎన్నిసార్లు దొరుకుతాయి అవి? కొన్నాళ్లకి ఓ మాదిరి మంచివి కూడా ఆ లెక్కలోకి వచ్చాయి. వ్యాపారులు మధ్యాహ్నాలు శాంపిళ్లు తెచ్చేవాళ్లు, ఒక్కో రోజు నలభై సీసాలు. సాయంత్రానికి వాడి ఉమ్మే కప్పు పొడిగా ఉండేది. మేం చెప్పాం. గట్టిగానే చెప్పాం. "నేను తాగడం లేదు, చదువుకుంటున్నాను" అనేవాడు. ఆ మాట వాడు మనస్ఫూర్తిగా నమ్మాడు. నాకు భయం కలిగించేది అదే.

ఒక రాత్రి మేం పనిచేసే రెస్టారెంట్‌లో బల్ల మీదికి వాడే రుచి చూసి పంపిన సీసాని అతిథి ఒక్కసారి వాసన చూసి పక్కకి జరిపారు. చెడిందన్నారు. వాడు కాదని వాదించాడు. నన్ను పిలిచారు. గ్లాసు ఇంకా ముఖం దాకా రాకముందే నాకు అట్టముక్క వాసన తగిలింది. అందరూ వెళ్లాక వాడు ఆ వైన్‌నీ మంచి సీసానీ రెండు గ్లాసుల్లో పోసుకుని వంటగదిలో నిలబడ్డాడు. ఒకటి, మళ్లీ రెండోది. తేడా తెలియలేదు. అంత తాగుడు ఏళ్ల తరబడి సాగితే వాసన పట్టే శక్తి దెబ్బతింటుంది, ఇది వైద్యులకి తెలిసిన సంగతే. తరవాత వాడు తాగుడు మానేశాడు, బతికి బాగానే ఉన్నాడు. ఆ ముక్కు మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు.

నీది మొహమాటం మనస్తత్వం, చిన్నీ. ఎవరైనా ప్రేమగా "ఒక్క గ్లాసే" అంటే కాదనలేవు. ఈ పనిలో అలా అనేవాళ్లు రోజూ ఎదురవుతారు. సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. అది చెప్పు. లేదా పరీక్ష ఉందని చెప్పు. నా పేరైనా చెప్పు, పరవాలేదు.

సరే, తిట్లు అయిపోయాయి. ఇప్పుడు నాకిష్టమైన సంగతి.

ప్రాంతాలని పుస్తకంలో వరసగా బట్టీపట్టకు. ఒకే ద్రాక్షని రెండు చోట్లనుంచి తీసుకుని పక్కపక్కన పెట్టు. సొవిన్యోఁ బ్లాఁ అయితే ఫ్రాన్స్‌లోని సాన్సేర్, న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరో. మొదటిది సన్నగా, పుల్లగా, రాయి తాకినట్టు ఉంటుంది. రెండోది కోసిన గడ్డి వాసనతో గ్లాసులోంచి దూకుతుంది. సిరా ద్రాక్ష అయితే ఫ్రాన్స్‌లోని ఉత్తర రోన్ ఒకటి, ఆస్ట్రేలియాలోని బరోస్సా ఒకటి. రోన్‌దాంట్లో మిరియాల వాసన వస్తే ఊహ అనుకోకు. మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే ఆ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది, చల్లటి చోట్ల ఎక్కువ. బరోస్సాలో నూరేళ్లు దాటిన తీగలు ఇంకా కాస్తున్నాయి. 1860ల నుంచి ఫ్రాన్స్ తోటల్ని నాశనం చేసిన ఫైలోక్సెరా పురుగు అక్కడికి చేరనే లేదు.

రంగుని నమ్మకు. బరోలో అనే ఇటలీ ఎర్ర వైన్ చూడ్డానికి పలచగా ఉంటుంది, నోట్లో పోస్తే వగరుకి చిగుళ్లు బిగుసుకుంటాయి. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ చదువుకునే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు పాపం. లేబుల్ సంగతి చెప్పక్కర్లేదు. 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచ్ నిపుణులే లేబుళ్లు చూడకుండా మార్కులు వేస్తే ఎర్రవాటిలోనూ తెల్లవాటిలోనూ కాలిఫోర్నియా వైన్లే మొదటొచ్చాయి. సీసాకి సంచి తొడిగించి, రాయాల్సింది రాసేశాకే విప్పు. పుస్తకాల్లో కనిపించే, నువ్వెన్నడూ తినని పళ్ల పేర్లు అరువు తెచ్చుకోకు. నీకు గుర్తొచ్చిన వాసనే రాయి. లవంగం అనిపిస్తే లవంగమనే రాయి. వైన్ నిలవ ఉంచే ఓక్ చెక్క పీపాల నుంచి వచ్చే యూజెనాల్ అనే పదార్థమే లవంగంలోనూ ఉంటుంది.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. నువ్వు ఇవాళే ఒక పొడుగాటి కప్పు తీసుకుని మంచినీళ్లతో అలవాటు చేసుకో. పెదాలు చిన్నగా చుట్టి, బుగ్గలు బిగించి, సన్నటి ధారగా వదలాలి. మెల్లగా వదిలితే గడ్డం మీద కారుతుంది. కుదిరేదాకా క్లాసుకి ముదురు రంగు బట్టలు వేసుకో.

నీ మావయ్య