టెక్ సందేహాలు: అడ్మిన్‌నే అయినా అనుమతి లేదంటోంది!

ప్ర: మా బట్టల షాపు వెబ్‌సైట్ వర్డ్‌ప్రెస్‌లో ఉంది. ఈమధ్యే హోస్టింగ్ మార్చాం. అప్పట్నుంచి ఒక ప్లగిన్ సెట్టింగ్స్ తెరిస్తే ‘సారీ, యు ఆర్ నాట్ అలౌడ్ టు యాక్సెస్ దిస్ పేజ్’ అని వస్తోంది. అడ్మిన్‌ని నేనే. ఫైల్ మేనేజర్‌లో ప్లగిన్ ఫోల్డర్ తీసేసి కొత్తది ఎక్కించినా అదే వరస. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, కాకినాడ

జ: ముందు ఒకటి తేల్చుకోండి. ఆ ఒక్క పేజీకే అడ్డు పడుతోందా, లాగిన్ అవగానే డ్యాష్‌బోర్డ్ మొత్తానికీ అదే మెసేజ్ వస్తోందా? మాట ఒకటే అయినా రెంటికీ మందు వేరు.

ఒక్క పేజీకే అయితే, ప్లగిన్స్ జాబితాలో అది యాక్టివ్‌గా ఉందో లేదో చూడండి. మీరు ఫోల్డర్ తీసేసిన సమయంలో ప్లగిన్స్ పేజీ తెరిచి ఉంటే, వర్డ్‌ప్రెస్ దాన్ని తనంతట తానే డీయాక్టివేట్ చేసేసి ఉంటుంది. ఆగిపోయిన ప్లగిన్ సెట్టింగ్స్‌ని పాత బుక్‌మార్క్‌తో తెరిచినా వచ్చేది ఈ మెసేజే. అసలా పేజీయే లేదని చెప్పకుండా మీకు అనుమతి లేదనడం వల్ల ఎంతోమంది తప్పుదారి పడుతున్నారు.

యాక్టివ్‌గానే ఉంటే సమస్య హక్కులది. వర్డ్‌ప్రెస్ ‘అడ్మినిస్ట్రేటర్’ అన్న పేరు చూసి తలుపు తీయదు. ఆ హోదా కింద ఫలానా ‘కేపబిలిటీ’ (ఒక్కో పనికి ఇచ్చే హక్కు) రాసి ఉందా అని చూస్తుంది. మామూలు సెట్టింగ్స్ పేజీలకు ‘మేనేజ్ ఆప్షన్స్’ సరిపోతుంది. వూకామర్స్ లాంటి పెద్ద ప్లగిన్లు మాత్రం ‘మేనేజ్ వూకామర్స్’ అంటూ సొంత హక్కు పెట్టుకుంటాయి. ఇలాంటివి ఆ హక్కును సాధారణంగా యాక్టివేట్ నొక్కినప్పుడే డేటాబేస్‌లో రాస్తాయి. ఫోల్డర్ మార్చితే ఫైళ్లు మారతాయి తప్ప ఈ రాత జరగదు. మీ ప్రయత్నం ఫలించకపోవడానికి కారణం ఇదే కావచ్చు. డ్యాష్‌బోర్డ్ నుంచి డీయాక్టివేట్ చేసి, మళ్లీ యాక్టివేట్ చేయండి. డిలీట్ జోలికి వెళ్లకండి. కొన్ని ప్లగిన్లు డిలీట్ చేస్తే తమ డేటా కూడా తుడిచేసుకుని పోతాయి.

ఇక డ్యాష్‌బోర్డ్ మొత్తం మూసుకుపోతే, హోస్టింగ్ మార్చిన సైట్లలో నేను మొదట అనుమానించేది టేబుల్ ప్రిఫిక్స్‌నే, అంటే డేటాబేస్ టేబుళ్ల పేర్ల ముందు తగిలించే మాటనే. సైట్‌ను తరలించినప్పుడో, సెక్యూరిటీ కోసమనో కొందరు ‘డబ్ల్యూపీ_’ అన్న ప్రిఫిక్స్‌ను మార్చి టేబుళ్ల పేర్లు దిద్దుతారు. కానీ ఆ ప్రిఫిక్స్ టేబుళ్ల లోపల కొన్ని వరుసల పేర్లలో కూడా ఉంటుంది, దాన్ని మరచిపోతారు. వర్డ్‌ప్రెస్ కొత్త ప్రిఫిక్స్‌తో మీ హక్కుల వరుసను వెతుకుతుంది. అది పాత పేరుతోనే ఉండటంతో మీకు ఏ హోదా లేదనుకుంటుంది. పాస్‌వర్డ్ సరైనదే కాబట్టి లాగిన్ మాత్రం అవుతుంది.

హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్ అయిన సీప్యానెల్‌లో పీహెచ్‌పీమైఅడ్మిన్ (డేటాబేస్‌ను చూసి, దిద్దే టూల్) తెరిచి, ఎక్స్‌పోర్ట్ నొక్కి డేటాబేస్ బ్యాకప్ దింపుకోండి. ఇది చేయకుండా ముందుకు వెళ్లొద్దు. సైట్ ప్రధాన సెట్టింగ్స్ ఉండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్లో ‘టేబుల్_ప్రిఫిక్స్’ లైన్‌లో ఏముందో చూసి, టేబుళ్ల పేర్లతో సరిపోల్చండి. తర్వాత యూజర్‌మెటా టేబుల్‌లో ‘మెటా_కీ’ కాలమ్‌లో ‘కేపబిలిటీస్’, ‘యూజర్_లెవెల్’ అని ముగిసే వరుసలు వెతికి, వాటి ముందున్న పాత ప్రిఫిక్స్ స్థానంలో కొత్తది పెట్టండి. ప్రతి యూజర్‌కూ ఈ రెండు వరుసలు ఉంటాయి. ఆప్షన్స్ టేబుల్‌లో ‘యూజర్_రోల్స్’ అని ముగిసే వరుస ఒకటే ఉంటుంది, దాన్నీ అలాగే మార్చండి.

మార్చాల్సింది కీ పేరు మాత్రమే, పక్క గడిలోని విలువను ముట్టుకోవద్దు. అక్కడ అడ్మినిస్ట్రేటర్ అన్న మాట ముందు 13 అనే అంకె కనిపిస్తుంది. అది ఇంగ్లీషులో ఆ పదానికి ఉన్న అక్షరాల లెక్క. చేత్తో ఏదైనా దిద్ది ఆ లెక్క తప్పితే వర్డ్‌ప్రెస్ ఆ వరుసను చదవలేదు.

అంతా సరిచేసినా మార్పు కనిపించకపోతే రెడిస్ లాంటి ఆబ్జెక్ట్ క్యాష్ (డేటాబేస్ సమాచారాన్ని తాత్కాలికంగా దాచి ఉంచేది) పాత విలువను పట్టుకుని ఉండొచ్చు. దాన్ని ఖాళీ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి.

ప్ర: ప్లగిన్ అప్‌డేట్ చేయబోతే ఎఫ్‌టీపీ (సర్వర్‌కు ఫైళ్లు పంపే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫోల్డర్లన్నిటికీ 777 పర్మిషన్ ఇచ్చినా మారలేదు. సొంత ఉబుంటు సర్వర్.

జ: ముందు ఆ 777 తీసేయండి. సర్వర్‌లో ఉన్న ఏ యూజరైనా మీ ఫైళ్లు మార్చేయడానికి దారి ఇచ్చినట్టే. పైగా దానితో ఈ పని కాదు. వర్డ్‌ప్రెస్ ఒక తాత్కాలిక ఫైల్ రాసి చూసి, దాని ఓనరూ తన ఫైళ్ల ఓనరూ ఒకరేనా అని పోలుస్తుంది. వేరైతే రాయడానికి అనుమతి ఉన్నా సరే, ఎఫ్‌టీపీ అడుగుతుంది. మీరు ఫైళ్లను రూట్‌గా (సర్వర్ ప్రధాన యూజర్‌గా) ఎక్కించి ఉంటారు. వెబ్ సర్వర్ నడిచేదేమో ఉబుంటులో మామూలుగా ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా’ యూజర్ కింద. ఓనర్‌ను మార్చే చౌన్ కమాండ్‌తో సైట్ ఫోల్డర్ మొత్తాన్ని ఆ యూజర్‌కు అప్పగించి, ఓనర్ మాత్రమే రాయగలిగేలా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 ఇవ్వండి.

ప్ర: అడ్మిన్‌నే, కానీ మెనూలో ‘యాడ్ ప్లగిన్’ అన్నదే మాయమైంది.

జ: డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో ‘డిసాలో_ఫైల్_మాడ్స్’ ట్రూ అని ఉందేమో చూడండి. సైట్ చేసిచ్చినవాళ్లు పెట్టి ఉంటారు. ఉంటే ఇన్‌స్టాల్, అప్‌డేట్ రెండూ ఆగిపోతాయి. దాని తోడు ‘డిసాలో_ఫైల్_ఎడిట్’ ఎడిటర్‌ను మాత్రమే దాస్తుంది, అది ఉన్నా ఫర్వాలేదు. మీది మల్టీసైట్ (ఒకే వర్డ్‌ప్రెస్‌పై అనేక సైట్లు) అయితే ఇది సమస్యే కాదు: అక్కడ ప్లగిన్లు వేసే హక్కు సూపర్ అడ్మిన్‌దే.

ప్ర: ఎడిటర్ రోల్‌లో ఉన్న మా అమ్మాయికి ఒక ప్లగిన్ సెట్టింగ్స్ చూసే హక్కు ఇచ్చాం. పేజీ తెరుచుకుంటోంది, సేవ్ నొక్కితే కుదరదంటోంది.

జ: పేజీ చూపించేది ప్లగిన్, సేవ్ చేసేది వర్డ్‌ప్రెస్ సొంత ‘ఆప్షన్స్’ ఫైల్. అది ‘మేనేజ్ ఆప్షన్స్’ హక్కు లేనిదే ఒప్పుకోదు. ఆ హక్కు ఎడిటర్‌కు ఇచ్చేస్తే సైట్ సెట్టింగ్స్ అన్నీ ఆమె చేతిలో పడతాయి. కాబట్టి ‘ఆప్షన్_పేజ్_కేపబిలిటీ’ ఫిల్టర్ (ఆ పేజీ సేవ్‌కు కావాల్సిన హక్కును మార్చే కోడ్) చేర్చమని ప్లగిన్ డెవలపర్‌ను అడగండి. అప్పటిదాకా సేవ్ చేసే పని మీరే చూసుకోండి.