స్టాప్‌వాచ్ నొక్కే ముందు

బిడ్డా,

వచ్చే నెల నుంచి బోరబండ, అడ్డగుట్ట అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్, అంటే తమను తాము ఆపుకోవడం, రూలు గుర్తుపెట్టుకోవడం, రూలు మారితే తామూ మారడం, కొలవబోతున్నానని రాశావు. ఏ టెస్టు మంచిదని అడిగావు. దాని సంగతి తర్వాత. ముందు ఏ టైముకు వెళ్తున్నావో చెప్పు. అన్నానికి ముందు కూర్చోబెడితే నువ్వు కొలిచేది ఆకలిని, తిన్నాక కూర్చోబెడితే నిద్రని. పొద్దున పదింటికి పెట్టుకో. అందరికీ అదే టైము.

మిఠాయి టెస్టు (ముందు ఒక మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తామని చెప్పేది) చెయ్యొద్దని అనను గానీ, దాని మీద మరీ ఆశ పెట్టుకోకు. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లోని బింగ్ నర్సరీలో మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ దాన్ని మొదలుపెట్టినప్పుడు ఆయనకు కావలసింది పిల్లలు ఎలా ఆగుతారన్నది. మిఠాయిని కంటికి కనబడకుండా పెడితే ఎక్కువసేపు ఆగారు. ఆ పిల్లలు పెద్దయ్యాక, ఎక్కువసేపు ఆగినవాళ్లకు చదువులో మంచి మార్కులు వచ్చాయని తేలేసరికి, జనం దాన్ని జాతకం చేసేశారు. 2018లో 900 మందికి పైగా పిల్లల లెక్కలు తీసి చూస్తే ఆ సంబంధం సగమే ఉంది. ఇంటి పరిస్థితులు, చిన్నప్పటి తెలివితేటలు కూడా లెక్కలోకి తీసుకున్నాక ఆ మిగిలినదాంట్లోనూ మూడింట రెండు వంతులు పోయింది.

నన్ను ఇంకా ఆలోచింపజేసింది 2013లో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు 28 మంది పిల్లలతో చేసినది. ముందు బొమ్మలు గీయడానికి మంచి సామాను తెస్తామని పిల్లలకు మాట ఇచ్చారు. సగం మందికి తెచ్చారు, సగం మందికి ఉత్త చేతులతో వచ్చి సారీ చెప్పారు. తర్వాత మిఠాయి పెడితే, మాట నిలబెట్టుకున్న చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన చోట మూడే. మరి నువ్వు ఆ బస్తీలో ముక్కూమొహం తెలియని మనిషివి. "ఆగు, రెండోది తెస్తా" అంటే వాళ్లెందుకు నమ్మాలి? రెండు మూడు రోజులు ఊరికే వెళ్లి కూర్చో. ఎగిరేదాని పేరు చెబితేనే వేలు లేపే చిడియా ఉడ్ ఆడు. బర్రె పేరు చెప్పినప్పుడు వేలు లేవకుండా ఆపుకోవడం కూడా నీ సబ్జెక్టే కదా! రేపు స్టిక్కర్లు తెస్తానంటే, వాన పడినా సరే తీసుకెళ్లు.

నేను ఈ పని మొదలుపెట్టిన మొదటి సంవత్సరంలో ఒక పిల్లాడి ముందు పల్లీపట్టీ పెట్టి బయటికి వెళ్లాను. వాడు తినలేదు, ఆగనూ లేదు. జేబులో వేసుకుని "ఇంటికాడ తింట" అన్నాడు. నా ఫారంలో తిన్నాడు, ఆగాడు అని రెండే గడులు. తొందరలో "తిన్నాడు" దగ్గర టిక్కు పెట్టాను. ఆ టిక్కు ఇప్పటికీ నాకు నచ్చదు. నీ ఫారంలో పక్కన ఖాళీ వదులు, చూసింది చూసినట్టు రాసుకో.

కార్డుల టెస్టు తప్పకుండా పెట్టు. కార్డుల మీద ఎర్ర కుందేళ్లు, నీలం పడవలు; వేసే రెండు డబ్బాల మీద నీలం కుందేలు, ఎర్ర పడవ. మొదట రంగును బట్టి వేయమంటావు, తర్వాత బొమ్మను బట్టి. మూడేళ్ల వాణ్ని "కుందేళ్లు ఎటు?" అని అడిగితే వేలు పెట్టి సరిగ్గానే చూపిస్తాడు. కార్డు చేతికిస్తే మాత్రం మళ్లీ రంగు దగ్గరే వేస్తాడు. తెలియక కాదు, పాత రూలు వదలదు. ఐదేళ్లకు చాలామంది మారిపోతారు. అందుకే ఇదే ఆట ఆరేళ్ల వాళ్లకు పెడితే అందరికీ నూటికి నూరు వచ్చి నీకేమీ తెలియదు. ఇంకో మాట, ఆయమ్మను గది బయట కూర్చోబెట్టు. "ఆ డబ్బాలో కాదురా, ఈ డబ్బాలో!" అని వెనక నుంచి అందిస్తుంది, పాపం ప్రేమకొద్దీ.

సూర్యుణ్ణి చూసి రాత్రి అనమనే టెస్టుకి ముందు, ఆ పిల్ల ఇంట్లో ఏం మాట్లాడుతుందో అడుగు. తెలుగు రానిదాన్ని తెలుగులో అడిగితే భాషకు మార్కులేస్తున్నట్టే. నోరు విప్పని పిల్లలకు తల ముట్టుకోమంటే కాళ్లు ముట్టుకునే ఆట నయం.

అమ్మకీ టీచర్‌కీ ఇచ్చే ప్రశ్నావళి, టెస్టు మార్కులు కలవకపోతే కంగారు పడకు. ఇలాంటి 20 అధ్యయనాలను 2013లో కలిపి చూస్తే రెండింటి మధ్య సంబంధం మామూలుగా 0.19 దగ్గరే ఉంది (పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే 0). పది నిమిషాలు నువ్వు చెప్పినట్టు చేయడం ఒకటి, ఇంట్లో చెల్లితో కొట్లాడకుండా ఉండటం ఇంకొకటి. రెండూ విడివిడిగానే రాయి, కలిపి సగటు తియ్యకు. ప్రశ్నలు అమ్మకు నువ్వే చదివి వినిపించు. పనికి పోయే తొందరలో ఉన్నామె పైనుంచి కిందిదాకా ఒకే గడిలో టిక్కు పెట్టేస్తుంది. రిపోర్టులో "ఈ పిల్లకు సెల్ఫ్ కంట్రోల్ లేదు" అని మాత్రం రాయకు. ఆ రోజు, ఆ ఆటలో ఏం చేసిందో అంతే రాయి.

నా పాత కార్డుల పెట్టె ఇంకా ఉంది. ఆదివారం తార్నాకకు వచ్చి తీసుకెళ్లు. ఒక నీలం పడవ తక్కువ, ఎవరో నమిలేశారు.

మీ అత్త