ఆస్టియోపాత్ దగ్గరికి మొదటిసారి వెళ్తున్నారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు దాదాపు ఒకే విషయం మీద ఉన్నాయి, అందుకే ఒకచోట పెట్టాం.

ప్రశ్న: డాక్టరుగారూ, మేం ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం. నాకు 34 ఏళ్లు, ఐటీ ఉద్యోగం. నెలన్నరగా నడుం కింది భాగంలో నొప్పి, కాసేపు కూర్చుంటే పట్టేస్తోంది. జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, ఫిజియోకి రాశారు గానీ అక్కణ్నుంచి పిలుపు ఎప్పుడొస్తుందో తెలీదు. ఆఫీసులో అందరూ ఆస్టియోపాత్ దగ్గరికి వెళ్లమంటున్నారు. వాళ్లు డాక్టర్లేనా? బట్టలు విప్పమంటారట, అదొక టెన్షన్. (పేరు వేయొద్దు)

జవాబు: బ్రిటన్‌లో ఆస్టియోపాత్ అంటే డాక్టర్ కాదమ్మా. ఆపరేషన్లు చేయరు, మీ జీపీలా మందుల చీటీ రాయరు. కీళ్లు, కండరాలు, వెన్నెముక నొప్పులకు చేతులతో వైద్యం చేస్తారు: నొక్కడం, సాగదీయడం, కీలును మెల్లగా కదిలించడం, కొన్నిసార్లు టక్కుమని ఒక్క కుదుపు ఇవ్వడం. అలాగని ఎవరు పడితే వాళ్లు ఆ బోర్డు పెట్టుకోవడానికి కుదరదు. 1993లో చేసిన చట్టం వల్ల అక్కడ జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు ఆస్టియోపాత్ అని చెప్పుకుంటే నేరం. ఆ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తుంది, అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఆయన పేరో ఆవిడ పేరో కొట్టి చూసుకోండి. గూగుల్ రివ్యూలు అరగంట చదువుతాం గానీ ఈ రెండు నిమిషాల పని ఎవరూ చేయరు.

జీపీ చీటీ అక్కర్లేదు, నేరుగా వెళ్లొచ్చు. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఈ వైద్యం కొన్ని ప్రాంతాల్లోనే, అదీ కొద్దిగానే దొరుకుతుంది, కాబట్టి ఎక్కువమంది జేబులోంచే పెట్టుకుంటారు. ఫీజు ఎంత, మొదటిసారికీ తర్వాతకీ తేడా ఉందా అని బుకింగ్ అప్పుడే అడగండి. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే ముందు వాళ్లకు ఫోన్ చేయండి, చాలావాటిలో ముందస్తు అనుమతి తీసుకోకపోతే తర్వాత డబ్బు రాదు.

ఇక లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మొదటి విజిట్‌లో పెద్ద భాగం మాటలే, అది చూసి డబ్బు దండగ అనుకోవద్దు. నొప్పి ఎప్పుడు మొదలైంది, రాత్రి నిద్రలేపుతోందా, బరువు తగ్గారా, ఏ మాత్రలు వేసుకుంటున్నారు, కాన్పులు, ఆపరేషన్లు అన్నీ అడుగుతారు. మధ్యలో ‘మూత్రం పోసేటప్పుడు ఏమైనా తేడాగా ఉందా, తొడల మధ్య తిమ్మిరి ఉందా’ అని కూడా అడుగుతారు. నడుం నొప్పికి వస్తే ఇదేం ప్రశ్న అని మనవాళ్లు సిగ్గుపడి ‘ఏమీ లేదండీ’ అనేస్తారు. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అదే. వెన్ను చివరి నరాల కట్ట నలిగిపోతే మూత్రం ఆగిపోవడమో తెలియకుండా పోవడమో, కూర్చునే చోట మొద్దుబారడమో, రెండు కాళ్లూ బలహీనపడడమో జరుగుతుంది. అలాంటిది ఉంటే ఆస్టియోపాత్ కోసం ఆగొద్దు, ఆ పూటే ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

తర్వాత నిలబెట్టి ముందుకూ వెనక్కూ వంగమంటారు, వెల్లకిలా పడుకోబెట్టి కాలు తిన్నగా పైకెత్తుతారు, మోకాలి మీద చిన్న సుత్తితో తడతారు. వీపు చూడాలి కాబట్టి పైబట్ట తీయమనవచ్చు. కానీ తీసి తీరాలని రూలేమీ లేదు. మెత్తటి లెగ్గింగ్స్, పల్చటి టీషర్ట్ వేసుకెళ్లి ‘నేను వీటితోనే ఉంటాను’ అనండి, గౌను అడగండి, మీవారినో స్నేహితురాలినో లోపల కూర్చోబెట్టుకోండి, కావాలంటే ఆడ ఆస్టియోపాత్‌నే బుక్ చేసుకోండి. ఇవన్నీ అక్కడ మామూలే, ఎవరూ వింతగా చూడరు. మనవాళ్లకే వచ్చే చిన్న ఇబ్బంది ఒకటుంది, పొడుగు నల్లపూసలు, తాళి. బల్లకున్న కన్నంలో ముఖం పెట్టి బోర్లా పడుకుంటే అవి గొంతు కింద, గుండె కింద నలిగి గుచ్చుకుంటాయి. తీయడం ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పండి, ఒక పక్కకి సర్దుకోనిస్తారు లేదా పక్కకి తిరిగి పడుకోబెట్టి చేస్తారు.

ఏం చేయబోతున్నారో ముందు చెప్పి, మీరు సరే అన్నాకే చేయి వేయాలి. ‘వద్దు’ అని మధ్యలో కూడా అనొచ్చు. ఆ టక్ శబ్దం గురించి కూడా తెలుసుకోండి: అది కీలులోని ద్రవంలో గ్యాస్ బుడగ వల్ల వచ్చేది, పక్కకు జరిగిన ఎముక తిరిగి కూర్చున్నట్టు కాదు. ‘మీ వెన్నుపూస జరిగింది, నేను లోపలికి తోశాను, పన్నెండు సార్లు రావాలి, ప్యాకేజీ కడితే తగ్గింపు’ అనే మనిషి కనిపిస్తే లేచి వచ్చేయండి.

పనిచేస్తుందా అంటే, నడుం నొప్పికి కొంత మేలు చేస్తుంది. బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యం మంచిదో సూచించే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన సూచనల్లో ఇలాంటి చేతి వైద్యాన్ని ఒప్పుకుంది గానీ వ్యాయామంతో కలిపితేనే అంది. అంటే జీపీ చెప్పిన వ్యాయామాలు మానేసి వారానికోసారి వెళ్లి పడుకుంటే చాలదు. ఉబ్బసానికి, నెలసరి నొప్పికి కూడా చేస్తామంటే నమ్మడానికి సరైన ఆధారాల్లేవు. చేయించుకున్నాక ఒకట్రెండు రోజులు ఒళ్లు నొప్పిగా, అలసటగా ఉండొచ్చు, కొందరికి తలనొప్పి వస్తుంది. అంతకుమించి ఉంటే ఫోన్ చేసి చెప్పండి.

ప్రశ్న: మా అమ్మ గుంటూరు నుంచి మా దగ్గరికి, బర్మింగ్‌హామ్‌కి వచ్చింది. 67 ఏళ్లు, వీపు నొప్పి. ‘అదేదో పుత్తూరు కట్టు లాంటిదేగా, నన్ను తీసుకెళ్లు’ అంటోంది. తీసుకెళ్లొచ్చా?

జవాబు: రెండూ ఒకటి కాదు. పుత్తూరు వాళ్ల పేరు విరిగిన ఎముకకు కట్టు కట్టడంలో, ఆస్టియోపాత్ విరిగిన ఎముకను ముట్టుకోకూడదు. అందుకే అమ్మగారి విషయంలో ముందు తేలాల్సింది ఎముకల బలం. ఆ వయసు ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారడం మామూలు, చిన్నగా కాలు జారి కూలబడ్డా వెన్నుపూస నలిగిపోయి, అది ఉత్త వీపు నొప్పిలాగే కనిపించవచ్చు. కాబట్టి మొదట డాక్టర్‌కి చూపించండి.

తర్వాత వెళ్లినా ఆవిడ మాత్రల డబ్బా మొత్తం పట్టుకెళ్లండి. ‘బీపీ మాత్ర ఒక్కటే బాబూ’ అంటారు, డబ్బా తెరిస్తే అందులో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ ఉంటుంది, వార్ఫరిన్ ఉంటుంది, ఆయాసానికి ఏళ్ల తరబడి మింగుతున్న స్టెరాయిడ్ మాత్ర ఉంటుంది. మొదటి రెండింటి వల్ల గట్టిగా నొక్కితే లోపల రక్తస్రావం కావచ్చు, మూడోది ఎముకల్ని బలహీనపరుస్తుంది. గతంలో క్యాన్సర్ ఉన్నా చెప్పి తీరాలి. ఇలాంటివాళ్లకు కుదుపు ఇచ్చే పద్ధతులు వద్దు, మెత్తగా చేసేవి చాలు. ఆవిడకి ఇంగ్లిష్ ఇబ్బందైతే మీరు పక్కనుండి తెలుగులో చెప్పండి, కానీ ఆవిడ జవాబు చెప్పేలోపు మీరే చెప్పేయకండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చిన ఫ్యామిలీ డాక్టర్ పేరు పక్కన ఎండీ బదులు డీఓ అని ఉంది. ఆస్టియోపతిక్ అట. మార్పించుకోమంటారా?

జవాబు: ఎందుకు మార్చుకోవడం? పైన చెప్పిన బ్రిటన్ లెక్క అమెరికాకి వర్తించదు. అక్కడ డీఓ అంటే ఎండీలాగే పూర్తి డాక్టర్: మందులు రాస్తారు, సర్జన్లూ అవుతారు, 2020 నుంచి ఎండీలకూ డీఓలకూ రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణ) గుర్తింపు ఒకే వ్యవస్థ కిందకి వచ్చింది. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే ఆయన 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టినప్పుడు ఇది ఎముకల చుట్టూ తిరిగే వేరే వైద్యం. తర్వాత అమెరికాలో అది ఆధునిక వైద్యంలో కలిసిపోయింది, బ్రిటన్‌లో చేతి వైద్యంగా మిగిలింది. మీ డాక్టర్ వీపు మీద చేయి వేసి చూస్తారో లేదో కూడా చెప్పలేం, చాలామంది డీఓలు ఆ పద్ధతి వాడనే వాడరు. షుగర్, బీపీ, పిల్లల టీకాలు నిశ్చింతగా చూపించుకోండి.

ప్రశ్న: సార్, నాది విజయవాడ. రీల్స్‌లో మెడ టక్కున తిప్పే వీడియోలు చూసి మా సెలూన్ అన్నతో కటింగ్ అయ్యాక చేయించుకుంటున్నాను. హాయిగా ఉంటోంది. ఆస్టియోపాత్ చేసేదీ ఇదేనా?

జవాబు: కాదు, ఇక మానేయండి. చదువుకుని వచ్చినవాళ్లు కూడా మెడకు కుదుపు ఇచ్చే ముందు ఆరోగ్య చరిత్ర అంతా అడుగుతారు, పరీక్ష చేస్తారు, అవసరం లేకపోతే చేయరు. మెడలోంచి మెదడుకి వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు, అరుదే గానీ కుర్రాళ్లకీ వస్తుంది. మెడ తిప్పించుకున్నాక అంతకుముందెప్పుడూ లేనంత మెడనొప్పి, తల తిరగడం, రెండేసి కనిపించడం, మాట తడబడడం ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి, మెడ తిప్పించుకున్న సంగతి అక్కడ దాచకుండా చెప్పండి. సెలూన్ అన్నకి మాత్రం తల మర్దన వరకు చాలని చెప్పండి.