కొత్త జీతంతో ఇప్పుడే బతికి చూడండి

ప్రశ్న: మేడం, నా వయసు 38. 14 ఏళ్లుగా ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. జీతానికి లోటు లేదు, కానీ పనిలో మనసు లేదు. చదవడంలో, రాయడంలో ఇబ్బంది పడే పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్‌ని కావాలని ఉంది. దానికి రెండేళ్ల కోర్సు చేయాలి. మొదటి ఏడాది శని, ఆదివారాల్లో క్లాసులు, రెండో ఏడాది రోజంతా స్కూల్లో శిక్షణ. మొదట్లో జీతం ఇప్పటిదాంట్లో సగం కూడా రాదు. మావారూ ఉద్యోగం చేస్తారు. పిల్లలకు 11, 7 ఏళ్లు. ఇంటి లోన్ ఇంకా 9 ఏళ్లు కట్టాలి. ఎనిమిది నెలల ఖర్చులకు సరిపడా డిపాజిట్లు ఉన్నాయి. ఇప్పుడే మానేసి చదువుకోవచ్చా? ఫీజుకు రిటైర్మెంట్ డబ్బు తీయనా? ఇన్నేళ్ల అనుభవం వృథా అవుతుందేమోనని కూడా భయంగా ఉంది. మావారికి ఇంకా చెప్పలేదు.

జవాబు: మీ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. మీవారికి చెప్పండి, ఈ వారంలోనే. అనుమతి అడగమని నా ఉద్దేశం కాదు. మీ జీతం ఆగిన నెలల్లో ఇల్లు నడిచేది ఆయన జీతం మీదే, ఆ బరువు మోయాల్సిన మనిషికి ఆ సంగతి అందరికంటే ముందు తెలియాలి. డబ్బు గురించి గొడవపడి నా దగ్గరికి వచ్చే జంటల్లో చాలామందికి డబ్బు చాలకపోవడం పెద్ద బాధ కాదు, ఒకరు మనసులో నిర్ణయించేసుకున్నది ఇంకొకరికి ఆలస్యంగా తెలియడమే బాధ. అయితే ఉత్త చేతులతో వెళ్లి "ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా" అంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. ఒక కాగితం పట్టుకెళ్లండి. దాని మీద ఏముండాలో చూద్దాం.

మీరు పంపిన అంకెల్ని, మీ జీతం 100 అనుకుని ఆ లెక్కన మార్చి రాస్తున్నాను, ఇదే ఆలోచనలో ఉన్న మిగతావాళ్లు కూడా తమ జీతంతో సరిచూసుకోవచ్చు. మీకు 100, మీవారికి 80, మొత్తం 180. ఈఎంఐ 35, పిల్లల చదువులు 20, మిగతా ఇంటి ఖర్చులు 95, వెరసి 150. మిగిలేది 30, అది పొదుపు. డిపాజిట్లు 1200. కోర్సు ఫీజు, పుస్తకాలు అన్నీ కలిపి 200. కొత్త పనిలో మొదటి జీతం 45.

ఇప్పుడే మానేస్తే ఏమవుతుందో చూడండి. ఇంటి ఖర్చు 150, వచ్చేది 80, నెలనెలా 70 లోటు. ఫీజు కట్టాక డిపాజిట్లలో మిగిలే 1000 ఈ లోటును పద్నాలుగు నెలలు పూడుస్తుంది. అంటే రెండో ఏడాది శిక్షణ మొదలైన రెండు నెలలకే చేతిలో ఏమీ ఉండదు, కోర్సు సగంలో ఉంటుంది. అందుకని ఇప్పుడే మానేయవద్దు. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను.

మొదటి ఏడాది క్లాసులు వారాంతాల్లోనే అన్నారు కదా, ఆ ఏడాదంతా ఉద్యోగంలోనే ఉండండి. అలసిపోతారు, నిజమే, ఇంట్లో కొన్ని పనులు చేతులు మారాల్సి వస్తుంది, దాని గురించి కూడా మీవారితో ముందే మాట్లాడుకోవాలి. రెండో ఏడాది మొదలయ్యేటప్పుడు మానేద్దురుగాని. అప్పుడు జీతం లేని నెలలు 12 అవుతాయి. నేనైతే 18 వేస్తాను. ఎందుకంటే నేను ఇలా సలహాలిచ్చే వృత్తిలోకి మారినప్పుడు ఫీజు లెక్క వేసుకున్నాను, చదువుకునే నెలలు లెక్క వేసుకున్నాను, చదువు అయ్యాక మొదటి సంపాదన చేతికొచ్చేదాకా పట్టే కాలాన్ని మాత్రం మర్చిపోయాను. నాకు ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో పాలవాడికి ఇవ్వాల్సింది కూడా డైరీలో రాసుకుని, కొట్టేసుకుని, మళ్లీ రాసుకునేదాన్ని. ఆ డైరీ ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

సరే, 18 నెలలు. ఖర్చులు ఇప్పటిలాగే 150 ఉంటే లోటు 18 సార్లు 70, అంటే 1260. ఫీజు 200. వీటికి తోడు నాలుగు నెలల ఖర్చు, అంటే 600, ఏ పరిస్థితిలోనూ ముట్టుకోని అత్యవసర నిధిగా పక్కన ఉండాలి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, దీంట్లో నేను తగ్గను. మొత్తం 2060 కావాలి. ఉన్నది 1200, ఈ ఏడాది పొదుపు నెలకు 30 చొప్పున 360, కలిపి 1560. ఇంకా 500 తక్కువ.

ఇప్పుడు అసలు సలహా. వచ్చే జీతం రోజు నుంచి మీ జీతం 45 మాత్రమే అనుకుని బతకండి. 100 పడగానే అదే రోజు 55 వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్లిపోయేలా పెట్టండి, ఆ ఖాతాకు కార్డు వద్దు, ఫోన్‌లో యాప్ కూడా వద్దు. మీకు 45, మీవారివి 80, ఇల్లు 125తో నడవాలి. అంటే ఖర్చుల్లో 25 తగ్గాలి. పిల్లల చదువుల్లో తగ్గించమనను, 95లోనే చూసుకోవాలి.

లెక్క మళ్లీ వేద్దాం. లోటు ఇప్పుడు నెలకు 45, 18 నెలలకు 810. ఫీజు 200. అత్యవసర నిధి నాలుగు నెలలకు 500. మొత్తం 1510 కావాలి. ఉన్నది 1200కు ఏడాదిలో దాచిన 660 కలిపితే 1860. 500 తక్కువైన చోట 350 మిగులు వచ్చింది, ఎవరి జీతమూ పైసా పెరగకుండా. ఎలాగంటే, నెలకు తగ్గించిన ఆ 25 ఒక్కసారి లెక్కకొచ్చి ఊరుకోదు: ఉద్యోగంలో ఉన్న 12 నెలలు పొదుపుగా వస్తుంది, జీతం లేని 18 నెలలు లోటు తగ్గించి వస్తుంది, అత్యవసర నిధిలో 4 నెలలకు వస్తుంది, మొత్తం 34 సార్లు. ఉద్యోగం మారాలనుకునేవాళ్లు పొదుపు ఎంతుందని మాత్రమే అడుగుతారు, నన్నడిగితే నెల ఖర్చే ముందు చూడాల్సింది. ఆ మిగిలిన 350ని ఖర్చు పెట్టేయొద్దు, ఈ మూడేళ్లలో ధరలు పెరుగుతాయి కాబట్టి అది వాటికే.

మొదటి నెల ఎవరైనా నెట్టుకొచ్చేస్తారు. మూడో నెల చూడండి. స్కూల్ ఫీజు వాయిదా, ఫ్రిజ్ రిపేరు, బీమా ప్రీమియం, దగ్గరివాళ్ల పెళ్లి, అన్నీ అప్పుడే తోసుకొస్తాయి. ఏడాదికోసారి వచ్చే ఖర్చుల్ని 12తో భాగించి నెల ఖర్చులో కలపకపోతే 125 అన్నది ఉత్త కాగితం లెక్కే. ఆరు నెలలు ప్రయత్నించినా ఆ 55 ఖాతాలో నిలవక వెనక్కి వస్తోందంటే, రాబోయే జీవితం ఎలా ఉంటుందో మీకు ముందే తెలిసినట్టు, అదీ చేతిలో ఉద్యోగం ఉండగానే.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. కొత్త ఉద్యోగం వచ్చాక 45, 80 కలిపి 125, ఖర్చూ 125. జీతం పెరిగేదాకా కొత్తగా దాచేది సున్నా. అప్పటికి మీకు 41 దగ్గర పడుతుంది, పెద్దవాడు పైచదువుకు వెళ్లడానికి నాలుగైదేళ్లే ఉంటుంది. అందుకే రిటైర్మెంట్ డబ్బు మీద చెయ్యి వేయొద్దంటున్నాను. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు సుమారుగా వస్తాయి, 8 శాతమైతే 9 ఏళ్లు. ఇవాళ ఫీజుకని తీసే 200, మీకు 56 వచ్చేసరికి 800 కావాల్సిన డబ్బు. ఇకపై అందులో కొత్తగా వేయలేని రోజులు వస్తున్నప్పుడు ఉన్నదాన్నైనా పెరగనివ్వాలి కదా. డిపాజిట్లు పెట్టి లోన్ తీర్చేయాలన్న ఆలోచన ఉంటే అదీ వద్దు, బ్యాంకుకు కట్టేసిన డబ్బు అవసరానికి తిరిగి రాదు.

మానేసే ముందు, అంటే చేతిలో జీతం స్లిప్పు ఉండగానే, చేసుకోవాల్సిన పనులు కొన్నున్నాయి. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది, సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి, కొన్ని జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే పాలసీ వర్తించని మొదటి కొంతకాలం, ఉంటుంది కాబట్టి ఏడాది ముందు మొదలైతే మంచిది. టర్మ్ ఇన్సూరెన్స్, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా, ఎంతకు ఇవ్వాలన్నది ఆదాయం చూసే తేలుస్తారు, అదీ ఇప్పుడే. ఈఎంఐ తగ్గించుకోవడానికి లోన్ కాలం పెంచమని అడగాలనుకుంటే కూడా ఉద్యోగంలో ఉండగానే అడగండి, మొత్తం వడ్డీ పెరుగుతుంది కనుక 25 తగ్గించడం ఎంతకీ కుదరకపోతేనే ఆ దారి.

డబ్బు పక్కన పెట్టి పని గురించి మాట్లాడతాను, నిజానికి దీని గురించే నాకు ఎక్కువ ఆదుర్దా. మీకు పడనిది అకౌంట్స్ పనా, ఆ ఆఫీసా? 2001లో ఏమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన పత్రంలో ఆసుపత్రిలో శుభ్రం చేసే పనివాళ్ల ప్రస్తావన ఉంది. ఒకే పనిని కొందరు కేవలం తుడవడం, కడగడంగా చూశారు, ఇంకొందరు రోగులు కోలుకోవడంలో తమకూ భాగం ఉందనుకుని వాళ్లతో మాట్లాడుతూ, వాళ్ల అవసరాలు కనిపెడుతూ పనిచేశారు. కాబట్టి ఇక్కడ లేని అర్థం అక్కడ దానంతటదే దొరుకుతుందని అనుకోకండి, దొరుకుతుందో లేదో వెళ్లి చూడండి. ఫీజు కట్టకముందు పది శనివారాలు, అలాంటి పిల్లలకు చెప్పే చోట, టీచర్ పక్కన కూర్చోండి. మంచి రోజులు కాదు చూడాల్సింది. పోయిన వారం చదివిన నాలుగు మాటల వాక్యం దగ్గరే ఒక పాప ఈ వారం కూడా ఆగిపోతుంది, వేలు అదే అక్షరం మీద పెట్టి మీ ముఖంలోకి చూస్తుంది. అది ఏడో శనివారం. అప్పుడు మీకు విసుగొచ్చిందా, లేక ఇంటికెళ్లేదారిలో ఆ పాపకు ఇంకెలా చెబితే అర్థమవుతుందో అని ఆలోచించారా? మీరు అడిగిన అసలు ప్రశ్నకు జవాబు అక్కడుంది. అక్కడి టీచర్లను "పని ఎలా ఉంటుంది" అని అడగొద్దు, "మొన్న మంగళవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు" అని అడగండి. రిపోర్టులు రాయడానికెంత, తల్లిదండ్రులతో మాట్లాడడానికెంత, పిల్లలతో ఎంతసేపో తెలుస్తుంది. ఐదేళ్ల తర్వాత జీతం ఎంతకు చేరిందో కూడా మొహమాటం లేకుండా అడగండి.

ఉద్యోగంలో ఉంటూ ప్రయత్నించడం పిరికితనమని కొందరంటారు, పట్టించుకోకండి. సొంత వ్యాపారం మొదలుపెట్టినవాళ్ల మీద అమెరికాలో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, ఉద్యోగం చేస్తూ వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా అందులోకి మారినవాళ్లు విఫలమయ్యే అవకాశం, ఒక్కసారిగా దూకినవాళ్లతో పోలిస్తే 33 శాతం తక్కువని తేలింది. మీది వ్యాపారం కాదు, ఉద్యోగమే, అయినా చేస్తూ నేర్చుకున్నది, పొరపాటైతే వెనక్కి తగ్గే వీలు, రెండూ మీకూ ఉపయోగపడేవే.

అనుభవం వృథా అవుతుందన్నారు. 14 ఏళ్లు అకౌంట్స్ చూసిన మనిషికి రెండు, మూడు చిన్న సంస్థల పద్దులు నెలకు ఐదారు రోజుల సాయంత్రాల్లో చూసిపెట్టడం కష్టం కాదు. దాన్లో 15 వచ్చినా, జీతం లేని నెలల్లో లోటు 45 నుంచి 30కి దిగుతుంది. కొత్త ఉద్యోగంలోకి వెళ్లాక అదే 15 రిటైర్మెంట్ నిధిలోకి వెళ్తే, ఇందాక సున్నా అన్న చోట సున్నా ఉండదు. ఒకరిద్దరిని ఇప్పట్నుంచే మాట్లాడి పెట్టుకోండి, కాకపోతే మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి పని చేయకూడదని ఉందేమో ఒకసారి చదవండి.

ఇన్నేళ్ల తర్వాత పుస్తకం పట్టుకుంటే బుర్రకెక్కుతుందా అనే టెన్షన్ కూడా ఉండే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు విద్యార్థుల చేత ఒక పాఠం చదివించి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత మాత్రం వాళ్లకు 42 శాతం గుర్తుంటే, మూసి రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. సమయం తక్కువున్న మీలాంటివాళ్లకు ఇది బాగా పనికొస్తుంది, శనివారం విన్న పాఠాన్ని సోమవారం బస్సులో పుస్తకం తెరవకుండా చెప్పుకోండి.

ఈ ఆదివారం పిల్లలు పడుకున్నాక కాగితం తీయండి. 150 అంకెను ఆయన చేత రాయించండి, 125 ఎలా అవుతుందో ఇద్దరూ కలిసి వెతకండి, ఏ ఖర్చు కొట్టేయాలో ఆయన్నీ చెప్పనివ్వండి. ఆయన భయం ఏ అంకె దగ్గర ఆగుతోందో అడిగి తెలుసుకోండి. మూడో నెల అయ్యాక ఆ 55లో ఎంత నిలిచిందో, ఎన్ని శనివారాలు వెళ్లారో నాకు రాయండి, అవి చూసి మానేసే తేదీ గురించి మాట్లాడుకుందాం.